తాతగారి తుపాకీ: కెప్టెన్ జాన్ పార్కర్ జీవితం



పోయిన నెల తొమ్మిదో తరగతి పిల్లలకి ఒక పని ఇచ్చాం. ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి, మీ వంశంలో మీకు తెలిసినంతలో అందరికన్నా పాత మనిషి గురించి ఒక పేజీ రాసుకు రమ్మన్నాం. కాగితాలన్నీ నేనే ఇంటికి పట్టుకెళ్ళి చదివాను. సంతోషమూ వేసింది, నవ్వూ వచ్చింది. సగం మంది ముత్తాతలు పులుల్ని చంపినవాళ్ళే! ఒకాయనయితే ఒక్కడే వంద మంది దొంగల్ని తరిమేశాడు.

నేను పిల్లల్ని కోప్పడలేదు. ఎందుకంటే నేనూ అదే పని చేసినవాణ్ణే. మా ముత్తాత కత్తి పట్టుకుని రాజుగారి దండుతో ఈ ప్రాంతానికి వచ్చాడని చిన్నప్పుడు స్నేహితుల దగ్గర గొప్పలు చెప్పేవాణ్ణి. ఉద్యోగంలో చేరాక మా మేనత్త ఒకరోజు అసలు సంగతి చెప్పింది. కరువు కాలంలో ఎడ్లబండి కట్టుకుని, పిల్లల్ని అందులో ఎక్కించుకుని, పని వెతుక్కుంటూ వచ్చాడట. మొదట మనసు చిన్నబోయింది. తరవాత ఆలోచించగా ఆలోచించగా, కత్తి కంటే ఆ బండే గొప్పదనిపించింది.

అందుకని ఈ నెల జీవిత చరిత్ర శీర్షికకి ఒక దూరదేశపు సైనికుణ్ణి ఎంచుకున్నాను. ఆయన పేరు జాన్ పార్కర్. అమెరికా ఇంకా ఇంగ్లండు రాజు కింద ఉన్న కాలం వాడు. ఆయన మీదా కథలు పెరిగాయి. ఆ కథల కింద ఉన్న మనిషి ఎవరో, ఆయన మనవడు తాత నుంచి ఏం తీసుకున్నాడో చదివి చూడండి.

రైతు, వడ్రంగి

జాన్ పార్కర్ 1729 జులై 13న మసాచుసెట్స్ కాలనీలోని లెక్సింగ్టన్ అనే ఊళ్ళో పుట్టాడు. బోస్టన్ నగరానికి ఇరవై కిలోమీటర్ల లోపే ఉంటుంది ఆ ఊరు. అప్పట్లో జనం వెయ్యి మంది కూడా లేరు. ఊరి మధ్యలో ఒక చర్చి, దాని పక్కన అందరికీ ఉమ్మడిగా ఒక పచ్చిక బయలు, దానికి ఎదురుగా బక్‌మన్ వాళ్ళ సత్రం. మన ఊళ్ళలో గుడి, రచ్చబండ, చెరువుగట్టు ఎలాగో వాళ్ళకి అవి అలాగ.

ఆయన వ్యవసాయం చేసేవాడు. వడ్రంగం, యంత్రాల పని కూడా వచ్చు. 1755లో లిడియా మూర్‌ని పెళ్ళి చేసుకున్నాడు. ఏడుగురు పిల్లలు. ఇల్లు ఊరి మధ్య నుంచి మూడు కిలోమీటర్ల దూరంలో పొలాల దగ్గర ఉండేది.

ఆ రోజుల్లో ఇంగ్లండుకీ ఫ్రాన్సుకీ పెద్ద యుద్ధం జరిగింది. చరిత్ర పుస్తకాల్లో దాన్ని సప్తవర్ష సంగ్రామం అంటారు. ఈ యుద్ధం మన తెలుగునేలకీ వచ్చిందని మీలో ఎంతమందికి తెలుసు? 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఇంగ్లీషు, ఫ్రెంచి సేనలు కొట్టుకున్నది ఈ యుద్ధంలో భాగంగానే. 1759 ఏప్రిల్‌లో మచిలీపట్నం కోట ఫ్రెంచివాళ్ళ చేతిలోంచి జారిపోయింది. అదే ఏడాది అమెరికా ఖండంలో క్విబెక్ కూడా వాళ్ళ చేయి దాటింది. జాన్ పార్కర్ ఆ యుద్ధంలో లూయీబర్గ్, క్విబెక్ ముట్టడుల్లో ఉన్నాడని పార్కర్ కుటుంబంలో తరతరాలుగా చెప్పుకునేవారు. తరవాత ఊరివాళ్ళు తమ దండుకి ఆయన్నే కెప్టెన్‌గా ఎన్నుకున్నారు.

ఎన్నుకున్నారు అన్న మాట గమనించండి. ఊరి దండు అంటే జీతగాళ్ళ సైన్యం కాదు. రైతులు, కమ్మరులు, దుకాణదారులు. ఎవరి తుపాకీ వాళ్ళ ఇంట్లో ఉంటుంది. డ్రమ్ము మోగితే పని వదిలేసి రావాలి. దండులో చాలామంది ఒకరికొకరు చుట్టాలే. అన్నదమ్ములు, తండ్రీకొడుకులు, బావమరుదులు ఒకే వరసలో నిలబడేవారు. కాబట్టి కెప్టెన్ ఇచ్చే ప్రతి ఆజ్ఞా తన సొంత బంధువుల ప్రాణాల మీద ఇచ్చే ఆజ్ఞే.

గొడవ ఎక్కడ మొదలైంది?

యుద్ధం ఖర్చు ఇంగ్లండుకి తలకి మించిన భారమైంది. ఆ అప్పు తీర్చడానికి కాలనీల మీద పన్నులు వేసింది. మా ప్రతినిధి ఒక్కడూ లేని పార్లమెంటు మా మీద పన్ను ఎలా వేస్తుందని కాలనీల వాళ్ళు ఎదురు తిరిగారు. 1773 డిసెంబరు 16న బోస్టన్ రేవులో 342 పెట్టెల టీని సముద్రంలో పారేశారు. ఆ టీ ఎవరిదనుకున్నారు? ఈస్టిండియా కంపెనీది. అప్పటికి మన ఉత్తర సర్కారులను పాలిస్తున్న కంపెనీ అదే! బోస్టన్ వాళ్ళ కన్నా కొద్ది రోజుల ముందే లెక్సింగ్టన్ ఊరివాళ్ళు తమ ఇళ్ళలో ఉన్న టీ అంతా తెచ్చి బహిరంగంగా తగలబెట్టారు.

1775 వసంతానికి పరిస్థితి ముదిరిపోయింది. లెక్సింగ్టన్‌కి అవతల ఉన్న కాంకర్డ్ ఊళ్ళో కాలనీవాళ్ళు తుపాకులూ మందుగుండూ దాచారని ప్రభుత్వానికి తెలిసింది. వాటిని పట్టుకోవడానికి సుమారు 700 మంది సైనికులు ఏప్రిల్ 18 రాత్రి బోస్టన్ నుంచి బయల్దేరారు. వాళ్ళు వెళ్ళే దారిలోనే ఉంది లెక్సింగ్టన్.

ఆ సమయానికి జాన్ పార్కర్‌కి నలభై అయిదేళ్ళు. క్షయ వ్యాధి బాగా ముదిరి ఉంది. క్షయకి మందు లేని కాలం అది. తను ఎక్కువ కాలం బతకడని ఆయనకీ తెలుసు, చుట్టూ ఉన్నవాళ్ళకీ తెలుసు.

ఆ తెల్లవారుజాము

అర్ధరాత్రి పాల్ రివీర్ అనే అతను గుర్రం మీద వచ్చి సైన్యం వస్తోందని హెచ్చరించాడు. రాత్రి ఒంటి గంటా రెండు గంటల మధ్య పార్కర్ తన దండుని పచ్చిక బయలు మీద సమావేశపరిచాడు. సుమారు 130 మంది వచ్చారు. అందరూ కలిసి మాట్లాడుకున్నారు. సైన్యం తమని ఏమీ చెయ్యనంతవరకూ దాని జోలికి పోకూడదని తీర్మానించుకున్నారు. చలి విపరీతంగా ఉంది, సైన్యం జాడ లేదు. డ్రమ్ము మోగితే తిరిగి రావాలని చెప్పి ఆయన వాళ్ళని పంపేశాడు. దగ్గరి ఇళ్ళవాళ్ళు ఇళ్ళకి పోయారు. దూరంవాళ్ళు సత్రంలో కూర్చున్నారు.

తెల్లవారుతుండగా వేగు పరుగున వచ్చాడు. సైన్యం కూతవేటు దూరంలో ఉంది! విలియం డైమండ్ అనే కుర్రాడు డ్రమ్ము మోగించాడు. ఈసారి చేరినవాళ్ళు 77 మంది. ఎదురుగా వస్తున్న ముందు దళమే రెండు వందలకి పైన. దాని నాయకుడు మేజర్ పిట్‌కెయిర్న్. వెనకాల ఇంకా నాలుగైదు వందల మంది ఉన్నారు.

ఇక్కడికి వచ్చేసరికి కథ రెండుగా చీలిపోతుంది. మీరు కొంచెం జాగ్రత్తగా చదవాలి.

ఇప్పుడు ఆ పచ్చిక బయలులో ఒక పెద్ద బండరాయి ఉంది. కదలకుండా నిలబడమనీ, వాళ్ళు కాల్చేదాకా కాల్చవద్దనీ, యుద్ధమే కావాలంటే ఇక్కడే మొదలవనీయమనీ పార్కర్ ఆజ్ఞ ఇచ్చినట్టు దాని మీద చెక్కారు. అమెరికాలో పిల్లలందరికీ తెలిసిన మాటలవి. కానీ అవి ఆ సంవత్సరం రాసిపెట్టుకున్న మాటలు కావు. దండులో ఉన్న ఒక సార్జెంటు దశాబ్దాల తరవాత ముసలితనంలో గుర్తు చేసుకున్నవి. పార్కర్ మనవడి ద్వారా లోకానికి తెలిసినవి.

పార్కర్ స్వయంగా ఏం చెప్పాడు? ఆ ఘటన జరిగిన ఆరు రోజులకి, 1775 ఏప్రిల్ 25న, ఆయన ప్రమాణం చేసి వాంగ్మూలం ఇచ్చాడు. అది నేటికీ ఉంది. సైన్యం హఠాత్తుగా దగ్గరికి వచ్చేసరికి, తన మనుషుల్ని చెదిరిపొమ్మని, కాల్చవద్దని వెంటనే ఆజ్ఞ ఇచ్చానని అందులో చెప్పాడు. సైనికులు ఆవేశంగా మీదపడి కాల్చారనీ, తమ వైపు నుంచి ఏ కవ్వింపూ లేకుండానే ఎనిమిది మందిని చంపారనీ చెప్పాడు.

ముందు ఎవరు కాల్చారన్నది నేటికీ తేలలేదు. ఒక తుపాకీ పేలింది, ఆ వెనకే సైనికుల తుపాకులన్నీ పేలాయి. కొన్ని నిమిషాల్లో అంతా అయిపోయింది. లెక్సింగ్టన్ వాళ్ళు ఏడుగురు, పక్క ఊరు వోబర్న్‌కి చెందిన ఒకతను చనిపోయారు. సుమారు పది మంది గాయపడ్డారు. చనిపోయిన వాళ్ళలో జోనస్ పార్కర్ ఒకడు. జాన్ పార్కర్‌కి వరసకి అన్నదమ్ముడు. గాయపడి మోకాళ్ళ మీద పడి, మళ్ళీ తుపాకీలో మందు కూరుకుంటుండగా బాయ్‌నెట్‌తో పొడిచి చంపారు. ఈ ఘోరమంతా కెప్టెన్ కళ్ళ ముందే జరిగింది. సైనికులు జయజయధ్వానాలు చేసి కాంకర్డ్ దారి పట్టారు.

రెండు ఆజ్ఞలూ పక్కపక్కన పెట్టి చూడండి. రాతి మీద ఉన్న ఆజ్ఞ వీరుడిది, వాంగ్మూలంలో ఉన్నది పిరికివాడిది అనిపిస్తోందా? నాకలా అనిపించడం లేదు. 77 మంది ఇళ్ళల్లో ఎంతమంది భార్యలు, ఎంతమంది పిల్లలు ఉన్నారో ఆయనకి పేరుపేరునా తెలుసు. ఎదురుగా ఉన్న బలం కళ్ళకి కనబడుతోంది. ఆ క్షణంలో మనుషుల్ని కాపాడుకోవాలనుకున్న నాయకుడు పిరికివాడు ఎలా అవుతాడు? పిరికివాడో కాదో అదే రోజు మధ్యాహ్నం తెలిసింది.

మధ్యాహ్నం ఏం చేశాడు?

పొద్దున చనిపోయినవాళ్ళ కోసం ఊరు ఇంకా ఏడుస్తూనే ఉంది. పార్కర్ మిగిలినవాళ్ళని మళ్ళీ కూడదీశాడు. గాయాలకి కట్లు కట్టుకున్నవాళ్ళు కూడా వచ్చి వరసలో నిలబడ్డారు. కాంకర్డ్ నుంచి తిరిగి వస్తున్న సైన్యానికి ఎదురుగా నడిపించి, లింకన్ ఊరి పొలిమేర దగ్గర రాళ్ళూ చెట్లూ ఉన్న ఒక గుట్ట మీద వాళ్ళని నిలబెట్టాడు. సైన్యం దగ్గరికి వచ్చాక కాల్పులు మొదలుపెట్టారు. పొద్దున గాయపడి కూడా వచ్చిన జెడిడయా మన్రో మధ్యాహ్నం పోరులో చనిపోయాడు. ఆ చోటుని ఇప్పటికీ పార్కర్ ప్రతీకారం అని పిలుస్తారు. ఈమధ్య పురావస్తు శాస్త్రవేత్తలు అక్కడ తవ్వి, ఆనాటి సీసపు గుండ్లు వెలికితీశారు. ఏ గుండు ఎక్కడ పడిందో గుర్తించి, ఎవరు ఎక్కడ నిలబడి కాల్చారో అంచనా వేశారు. చూశారా, కథలు పెరుగుతాయి, తరుగుతాయి. మట్టిలో గుండు మాత్రం పడ్డచోటే ఉంటుంది.

ఆ రోజు సాయంత్రానికి బ్రిటిష్ సైన్యంలో 73 మంది, కాలనీల వైపు 49 మంది చనిపోయారు. అమెరికా స్వాతంత్ర్య యుద్ధం అలా మొదలైంది.

తరవాత కూడా పార్కర్ తన మనుషుల్ని బోస్టన్ ముట్టడి కోసం కేంబ్రిడ్జికి తీసుకెళ్ళాడు. కానీ ఒళ్ళు సహకరించలేదు. 1775 సెప్టెంబరు 17న క్షయతో కన్నుమూశాడు. వయసు నలభై ఆరు. మరుసటి ఏడాది జులై 4న అమెరికా స్వాతంత్ర్యం ప్రకటించుకుంది. ఆ వార్త వినడానికి ఆయన లేడు. ఆయన బొమ్మ ఒక్కటి కూడా మిగల్లేదు. లెక్సింగ్టన్‌లో తుపాకీ పట్టుకుని నిలబడ్డ విగ్రహాన్ని చూసి జనం కెప్టెన్ పార్కర్ అంటారు గానీ, ఆ ముఖం ఆయనది కాదు.

వరసలో ఇంకొకడు

ఇక్కడ ఇంకొక మనిషి గురించి చెప్పకపోతే ఈ పాఠం సగమే అవుతుంది. ఆ తెల్లవారుజామున పార్కర్ దండులో ప్రిన్స్ ఎస్టాబ్రూక్ అనే నల్లజాతి మనిషి కూడా నిలబడ్డాడు, తుపాకీ గుండు తగిలి గాయపడ్డాడు. అతను స్వతంత్రుడు కాడు. అదే ఊళ్ళో ఒక కుటుంబానికి బానిస. స్వేచ్ఛ కోసం రక్తం కార్చాడు, కానీ ఆ స్వేచ్ఛ అతనికి లేదు. కోలుకుని మళ్ళీ యుద్ధంలో పనిచేశాడు. విముక్తి ఆ తరవాతే దొరికింది. మసాచుసెట్స్‌లో బానిసత్వం చట్టవిరుద్ధమని న్యాయస్థానం 1783లో తేల్చింది. దక్షిణాది రాష్ట్రాల్లో మాత్రం అది ఇంకా ఎనభై ఏళ్ళు సాగింది.

మనవడు

జాన్ పార్కర్ కొడుకు పేరు కూడా జానే. తండ్రి పోయేనాటికి పద్నాలుగేళ్ళవాడు. అతనూ రైతే, పనివాడే. అతని పదకొండు మంది పిల్లల్లో చివరివాడు థియొడోర్, 1810లో పుట్టాడు. అంటే తాత పోయిన ముప్ఫై అయిదేళ్ళకి. తాతని ఎన్నడూ చూడలేదు. కానీ నాయనమ్మ లిడియా అదే ఇంట్లో ఉండేది. తాత తుపాకీ కూడా ఇంట్లోనే ఉండేది.

థియొడోర్ హార్వర్డ్ ప్రవేశ పరీక్ష పాసయ్యాడు. ఫీజు కట్టే స్తోమత లేదు. పొలం పని చేస్తూ, బడుల్లో పాఠాలు చెబుతూ సొంతంగా చదువుకున్నాడు. వాటర్‌టౌన్ అనే ఊళ్ళో బడి నడుపుతున్నప్పుడు ఒక నల్లజాతి పాపని చేర్చుకున్నాడు. మిగతా పిల్లల తల్లిదండ్రులు ఒప్పుకోలేదు. అతను లొంగిపోయి ఆ పాపని పంపేశాడు. తరవాత దానికి సిగ్గుపడ్డాడు.

నేను ఈ సంగతి చదివిన రోజున పుస్తకం మూసి చాలాసేపు కూర్చున్నాను. బడి నడిపేవాడికి ఇలాంటి రోజు ఏదో ఒక రూపంలో వస్తుంది. ఎవరో గదిలోకి వచ్చి, ఆ పిల్లవాడి పక్కన మావాణ్ణి కూర్చోబెట్టొద్దు అంటారు. గట్టిగా మాట్లాడితే అడ్మిషన్లు తగ్గుతాయేమోనని భయం వేస్తుంది. ఇంత పేరున్న వంశంలో పుట్టినవాడు కూడా ఆ భయానికి లొంగాడు. పెద్దల పేరు మనకి ధైర్యం ఇవ్వదు. అది ఎవరికి వాళ్ళు తెచ్చుకోవలసిందే.

థియొడోర్ తెచ్చుకున్నాడు. చర్చి ప్రబోధకుడై, బోస్టన్‌లో బానిసత్వానికి వ్యతిరేకంగా గట్టిగా నిలబడ్డాడు. 1850లో ఒక కొత్త చట్టం వచ్చింది. దక్షిణాది నుంచి తప్పించుకు వచ్చిన బానిసల్ని ఉత్తరాది వాళ్ళు పట్టి అప్పగించాలన్నది దాని సారం. ఎలెన్, విలియం క్రాఫ్ట్ అనే భార్యాభర్తలు అంతకు రెండేళ్ళ ముందు జార్జియా నుంచి తప్పించుకుని బోస్టన్ చేరారు. వాళ్ళని పట్టుకోవడానికి మనుషులు వచ్చారు. థియొడోర్ పార్కర్ ఎలెన్‌ని తన ఇంట్లో దాచాడు. ఆ రోజుల్లో బల్ల మీద పిస్తోలు పెట్టుకుని ప్రసంగాలు రాసుకునేవాడు. బానిసల పెళ్ళికి చట్టంలో విలువ లేదు కాబట్టి ఆ దంపతులకి చట్టప్రకారం మళ్ళీ పెళ్ళి చేశాడు. విలియం చేతికి ఒక బైబిలూ, భార్యని కాపాడుకోవడానికి ఒక కత్తీ ఇచ్చి ఇంగ్లండుకి సాగనంపాడు.

ఆయన చదువుకునే గదిలో తాతగారి తుపాకీ వేలాడుతూ ఉండేది. దాని పక్కన ఆనాటి పోరులో బ్రిటిష్ సైన్యం నుంచి పట్టుకున్న తుపాకీ. ఆ కుటుంబాన్ని వెంటాడిన క్షయే చివరికి థియొడోర్‌ని కూడా తీసుకుపోయింది. 1860 మే 10న ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో చనిపోయాడు. వీలునామాలో ఆ రెండు తుపాకుల్నీ మసాచుసెట్స్ రాష్ట్రానికి రాసి ఇచ్చాడు. నేటికీ అవి రాష్ట్ర సెనేట్ సభామందిరంలో ఉన్నాయి.

మనకి ఇందులో ఏముంది?

తాత తుపాకీ గోడకి ఉన్న ఇళ్ళు లెక్సింగ్టన్‌లో ఇంకా చాలా ఉండేవి. ఆ వంశాల్లో పుట్టినవాళ్ళు ఏటా ఏప్రిల్ 19న ఊరేగింపులు చేసుకున్నారు. అది తప్పు కాదు. కానీ థియొడోర్ ఇంకొక ప్రశ్న వేసుకున్నాడు. మా తాత పక్కన నిలబడి గాయపడ్డ బానిసకి రాని స్వేచ్ఛ, ఇవాళ నా ఇంటి తలుపు తట్టిన మనిషికి నేను ఇవ్వకపోతే, ఆ తుపాకీ నా గోడ మీద ఎందుకు? తాత నుంచి అతను తీసుకున్న ఆస్తి అదీ.

మనం తరాల క్రితం వేరే రాష్ట్రానికి వచ్చి స్థిరపడ్డ వాళ్ళం. మన ఇళ్ళల్లో తుపాకులూ కత్తులూ ఉండకపోవచ్చు. ఒక పాత చెంబు, ఒక పెద్దబాలశిక్ష, అమ్మమ్మ నోట్లో నాలుగు పాటలు, మనం మాట్లాడే ఈ తెలుగు ఉన్నాయి. వాటిని తెచ్చినవాళ్ళు పులుల్ని చంపి ఉండనక్కర్లేదు. కొత్త ఊళ్ళో భాష తెలియక నిలబడ్డ రోజున వాళ్ళకి ఎవరో చోటిచ్చి ఉంటారు. ఇవాళ మన బడికి వేరే ఊరి నుంచి, వేరే భాష నుంచి, వేరే కులం నుంచి వచ్చిన పిల్లకి మీరు బెంచీలో జరిగి చోటిస్తున్నారా లేదా? మీ ముత్తాతల గురించి నాకు అక్కడే తెలిసిపోతుంది.

తొమ్మిదో తరగతి పిల్లలకి చివరిగా ఒక మాట. మీ కాగితాలు సోమవారం తిరిగి ఇస్తాను. ఈసారి ఇంట్లో ఒక్కరినే కాదు, ఇద్దరిని అడగండి. ఇద్దరూ వేరువేరుగా చెబితే రెండూ రాయండి. పులిని ఉంచాలో తీసెయ్యాలో మీరే తేల్చుకోండి. మంచి కాగితాలని వచ్చే నెల ఇక్కడే ప్రచురిస్తాం.

మీ ప్రధానోపాధ్యాయుడు